అద్దెవాళ్లు ఖాళీ చేశాక చూస్తే లాన్ కాదు, అడవి. పీకేయాలా, బాగుచేయాలా?

సైనిక్‌పురి_శీను
సైనిక్‌పురిలో మా సొంతిల్లు కొన్నేళ్లు అద్దెకిచ్చాం. ఇంటి ముందు దాదాపు 200 గజాల లాన్, ఒకప్పుడు కొరియన్ గడ్డి వేయించింది. అద్దెకున్నవాళ్లు గేటు వైపు కొంత భాగాన్ని కార్లు పెట్టుకోవడానికి వాడారు, మిగతాదాని వైపు తిరిగి చూడలేదు. ఇప్పుడు మేమే వచ్చి ఉందామని తాళం తీస్తే మోకాలెత్తు గడ్డి. తుంగ, పల్లేరు, మూడాకుల పులిచింత, గడ్డిచామంతి, ప్రహరీ పొడుగునా వయ్యారిభామ. పాములు లేవని గ్యారంటీ ఇచ్చేవాళ్లు ఎవరూ దొరకలేదు. కొరియన్ గడ్డి అక్కడక్కడ మాత్రం కనిపిస్తోంది.

ల్యాండ్‌స్కేపింగ్ చేసే ఒకాయన్ని పిలిస్తే గేటు దగ్గరే నిలబడి చూసి, "సార్, ఇది అయిపోయింది. గడ్డి మందు కొట్టి మొత్తం చంపేసి, అర అడుగు మట్టి తీయించి, ఎర్రమట్టి పోయించి, పైన కొత్త గడ్డి కార్పెట్ పరిచేద్దాం" అన్నాడు. చెప్పిన రేటుకి ఒక సెకండ్ హ్యాండ్ కారు వస్తుంది. మా మామగారేమో బండలు పరిపించేయమంటున్నారు. మా ఆవిడకి గడ్డే కావాలి. ఏప్రిల్ సగం అయిపోయింది, వానల్లోపు ఏదో ఒకటి తేల్చాలి. నిజంగా మొత్తం పీకేయాల్సిందేనా?

కుండీల_కామాక్షి
ఫొటో పెట్టకుండా మోకాలెత్తు అంటే ఎవరి మోకాలు అని అడగాల్సి వస్తుంది.

నల్లరేగడి
బండలు మాత్రం వద్దు. మా వీధిలో ఒకరు వేయించారు. మే నెలలో సాయంత్రం ఏడింటికి కూడా ఆ వాకిట్లో చెప్పుల్లేకుండా నిలబడలేం. వాన పడితే నీళ్లన్నీ రోడ్డు మీదకే. మీ మామగారికి ఈ మాట నేనన్నానని చెప్పండి, మీకు చెడ్డపేరు రాదు.

రిటైర్డ్_ఏవో
ఉంచాలా పీకాలా అన్నది కలుపు ఎంతుందో చూసి కాదు, మంచి గడ్డి ఎంత మిగిలిందో చూసి తేల్చండి. దానికి ముందు మొత్తం కోయించాలి. అయితే ఒకేసారి నేలమట్టంగా వద్దు. మొదట జానెడు ఎత్తుకి, వారం ఆగి ఇంకాస్త, ఆ తర్వాత రెండంగుళాలకి. ఇన్నాళ్లూ కలుపు నీడలో పాలిపోయి ఉన్న కొరియన్ గడ్డికి ఒక్కసారిగా ఏప్రిల్ ఎండ తగిలితే మాడిపోతుంది. తుంగకి మాత్రం ఏమీ కాదు. కోసిన గడ్డి అక్కడే వదలొద్దు, దాని నిండా గింజలుంటాయి.

కోశాక గజం పొడవు, గజం వెడల్పుతో తాడు చతురస్రం ఒకటి చేసి లాన్ మీద అక్కడా అక్కడా పడేయండి. అందులో కొరియన్ ఎంత, కలుపు ఎంత, వట్టి నేల ఎంత అని రాసుకోండి. సగానికి పైగా మంచి గడ్డి ఉన్నచోట బాగుచేసుకోవచ్చు. పావు వంతు కూడా లేనిచోట కొత్తగా వేసుకోవడమే తక్కువ శ్రమ. 200 గజాలకీ కలిపి ఒకే తీర్పు ఇవ్వాల్సిన పని లేదు.

ఏ కలుపు ఎక్కడుందో కూడా చూడండి. తుంగ ఒకేచోట దట్టంగా ఉంటే అక్కడ నీరు నిలుస్తోందనో, కుళాయి కారుతోందనో అనుమానించాలి. కార్లు ఆగినచోట తిప్పరాగి ఉండే ఉంటుంది. నేలకి అణిగి గుండ్రంగా పరుచుకుంటుంది, మొదలు తెల్లగా నున్నగా ఉంటుంది. రాగికి దగ్గరి చుట్టం. గట్టిపడిన నేలలో మిగతావి చచ్చినా అది బతుకుతుంది. ఒక పొడవాటి స్క్రూడ్రైవర్ తీసుకుని తడిపిన నేలలో గుచ్చండి. వేలెడు కూడా దిగలేదంటే పైన ఏ గడ్డి పరిచినా ఏడాదిలో మళ్లీ ఇదే కథ.

మట్టిమనిషి
వ్యవసాయాధికారిగా చేసి రిటైరైన ఏవో గారి మాటకి నాదొక చేర్పు. ఆ ఎర్రమట్టి ఎందుకు? సైనిక్‌పురి నేలే ఎర్ర చెల్క. ఉన్న ఎర్రమట్టి తీసి బయట పారబోసి, ఇంకోచోటి ఎర్రమట్టి డబ్బులిచ్చి పోయించుకోవడం ఏంటండీ! ట్రాక్టరు వాడు ఏ చెరువు గట్టు తవ్వుకొస్తాడో వాడికే తెలియాలి. దాంతోపాటు తుంగ గడ్డలు ఫ్రీ.

మా తమ్ముడి ఇంట్లో ఇలాగే పోయించారు. నెల తిరక్కుండానే కొత్త కార్పెట్ సందుల్లోంచి తుంగ తలెత్తింది. కాంట్రాక్టర్ని పిలిస్తే "అది మీ పాత గడ్డే సార్" అన్నాడు. అక్కడ అంతకుముందు ఉన్నది సిమెంటు గచ్చు.

టెర్రస్_తాత
సిమెంటులో తుంగ మొలిపించిన ఘనత మీ తమ్ముడిదే.

సైనిక్‌పురి_శీను
కామాక్షి గారూ, మోకాలు నాదే, నేను ఆరడుగులు. కోతలు అయిపోయాయి. పాము రాలేదు. ఒక స్టీలు గరిటె, కొన్ని క్రికెట్ బంతులు దొరికాయి.

తాడు చతురస్రం వేసి చూశాను. నడుమ భాగం, అంటే దాదాపు సగం లాన్, అనుకున్నదానికంటే చాలా నయం. పసుపుపచ్చగా ఉంది కానీ కొరియన్ గట్టిగా పట్టుకునే ఉంది, మధ్యమధ్యలో పులిచింత, గడ్డిచామంతి. గేటు వైపు ఏవో గారన్నట్టే తిప్పరాగి, స్క్రూడ్రైవర్ వంగిపోయేలా ఉంది. కానీ అక్కడ అంచుల నుంచి గరిక బాగా పాకుతోంది. దాన్నీ కలుపులోనే లెక్కేయాలా? వెనక మూల, నీళ్ల ట్యాంకు పక్కన 30 గజాలు అచ్చంగా తుంగ. వాషర్ పోయి అక్కడి కుళాయి రాత్రింబవళ్లు కారుతోంది. ఏవో గారూ, మీరు మా ఇంటికి వచ్చి చూసి వెళ్లారా? ఇక మామిడి చెట్టు కింద ఏమీ లేదు, ఆకులూ చీమలూ తప్ప.

రిటైర్డ్_ఏవో
వాషర్ ఈరోజే మార్పించండి. మందుల సంగతి తర్వాత.

డల్లాస్_బావ
గరికని కలుపు అంటారా! ఇక్కడ డల్లాస్ పక్క ఫ్రిస్కోలో మా కాలనీ మొత్తం బెర్ముడా గ్రాస్, అంటే మన గరికే. సంచి విత్తనం డాలర్లు పోసి కొంటాం. కలుపు కనిపిస్తే కాలనీ సంఘం వాళ్లు ఫొటో తీసి మరీ లెటర్ పంపుతారు. ఫిబ్రవరి ఆఖర్లో, నేల 55 డిగ్రీల ఫారన్‌హీట్‌కి వేడెక్కే లోపు, కలుపు గింజలు మొలవకుండా ప్రీ ఎమర్జెంట్ గుళికలు చల్లుతాం. అవి చల్లాక కొన్ని నెలలు గడ్డి విత్తనమూ మొలవదు. మా పక్కింటాయన రెండూ ఒకే శనివారం చల్లాడు.

కిసాన్_కిరణ్
బావగారూ, మీ ఫిబ్రవరి లెక్క ఇక్కడ పనికిరాదు. మనకి కలుపు గింజలు ఎక్కువగా తొలకరికి లేస్తాయి. ప్రీ ఎమర్జెంట్ మన దగ్గరా ఉంది. పెండిమిథాలిన్ అంటే పత్తి రైతులందరికీ తెలుసు. కానీ శీను గారు వానలకి కొత్తగా గడ్డి నాటాలనుకునే చోట అది కొడితే నాటిన గడ్డి వేరు దిగదు. పైగా గడ్డ నుంచి వచ్చే తుంగని అది ఆపలేదు.

రిటైర్డ్_ఏవో
గరిక గురించి శీను గారు మంచి ప్రశ్న అడిగారు. కొరియన్ లాన్ నడుమ గరిక వస్తే అది కలుపే. మందుతో దాన్ని విడదీయడం కష్టం, రెండూ గడ్డి జాతే. కానీ గేటు వైపు పూర్తి ఎండ, తొక్కుడు ఎక్కువ. అక్కడ కొరియన్ ఎప్పటికీ సుఖంగా ఉండదు. గరిక తనంతట తాను వచ్చి కూర్చుంది కదా, ఆ భాగం దానికే వదిలేయండి. రెండు గడ్డికీ మధ్య ఇటుకలు నిలువుగా పాతి ఒక గీత గీయండి, ఇటుక జానెడు లోతుకి దిగాలి. గరిక పైనుంచి పాకేది కనిపిస్తుంది, అప్పుడప్పుడు కత్తిరిస్తే చాలు.

గోదారి_గట్టు
నేను మాత్రం ఆ ల్యాండ్‌స్కేపింగ్ ఆయన పక్షం, సగం వరకు. మాది కడియం దగ్గర. చుట్టూ నర్సరీలే, గడ్డి పలకలు లారీలకెక్కడం చిన్నప్పట్నుంచీ చూస్తున్నా. పాత లాన్‌లో కూర్చుని కలుపు తీసే ఓపిక ఎంతమందికి ఉంటుంది? మొదట ఉత్సాహం, తర్వాత నడుంనొప్పి, ఆఖరికి మాలిని పెట్టుకుంటారు, మాలి పైపైన చెక్కి పోతాడు. శుభ్రంగా తీసేసి కొత్తది వేసుకోవడంలో తప్పేం లేదు.

కాకపోతే పలకలు దించుకునేటప్పుడు నాలుగు తిరగేసి చూడండి. వేళ్ల మధ్య నల్లటి చిన్న గడ్డలు కనిపిస్తే ఆ లోడు వెనక్కి పంపండి. గడ్డి ఎక్కడ పెరిగినా కింద మట్టి ఉంటుంది, మట్టిలో తుంగ ఉండొచ్చు. ఇది చెప్పినందుకు మా ఊళ్లో నన్ను తంతారేమో.

మట్టిమనిషి
సగం పక్షం అంటే ఏ సగం?

గోదారి_గట్టు
లారీ ఎక్కే సగం.

వీకెండ్_రైతు
ఇంత చర్చ ఎందుకు? గ్లైఫోసేట్ అనే గడ్డి మందు కొట్టి పది పదిహేను రోజులు ఆగితే అన్నీ పోతాయి. నా పొలం గట్లన్నీ అలాగే క్లీన్.

కిసాన్_కిరణ్
"అన్నీ" అంటే ఆయన నిలబెట్టుకుందామనుకుంటున్న కొరియన్ కూడా. పొలం గట్టు వేరు, లాన్ వేరు. ఆ మందు ఆకు పచ్చగా, చురుగ్గా పెరుగుతూ ఉంటేనే కిందికి దిగుతుంది. ఈ ఎండల్లో దుమ్ముపట్టి వాడిన ఆకు మీద కొట్టడం డబ్బు దండగ. పైగా 2022 అక్టోబరులో కేంద్రం గ్లైఫోసేట్‌ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల చేతే కొట్టించాలని నోటిఫికేషన్ ఇచ్చింది.

అసలు భయం ఇంకోటుంది. గడ్డి మందు అనడిగితే కొన్ని కొట్లలో పారాక్వాట్ చేతిలో పెడతారు. దాన్ని ఇంటి గడప దాటనివ్వకండి. పైన ఆకుల్ని ఒక్క రోజులో మాడ్చేస్తుంది, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది, కింద తుంగ గడ్డ చెక్కుచెదరదు. పొరపాటున ఎవరైనా ఒక్క గుక్క మింగితే దానికి విరుగుడు లేదు. మిగిలిన మందుని కూల్‌డ్రింకు సీసాలో పోసి అటక మీద పెట్టే అలవాటు మనవాళ్లకి ఉంది కాబట్టి చెబుతున్నా.

పల్లెటూరి_పిల్ల
మందులెందుకు, వెనిగర్‌లో ఉప్పు, గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి కొడితే సరిపోతుందని ఒక వీడియోలో చూశాను.

నల్లరేగడి
ఉప్పు నేలలోనే ఉండిపోతుందండీ. మన ఎండలకి తడి ఆరిపోయి ఉప్పు పైకి తేలుతుంది. కలుపు చస్తుందేమో కానీ తర్వాత గడ్డి ఎక్కడ నాటుతారు? వెనిగర్ ఆకుని కాలుస్తుంది, గడ్డదాకా పోదు. గచ్చు పగుళ్లలో మొలిచేవాటికైతే ఆ వీడియో సరిపోతుంది.

కుండీల_కామాక్షి
తుంగని పైన పట్టుకుని లాగితే ఆకులు చేతికొచ్చేస్తాయి, పని అయిపోయిందనిపిస్తుంది. నిన్న మా పెరట్లో ఒక మొక్క చుట్టూ గునపంతో వదులు చేసి నిదానంగా పైకి లేపాను. ఆకుల అడుగున చిన్న ఉబ్బు. దాన్నుంచి సన్నగా, గట్టిగా ఒక వేరు. ఆ వేరు కొసన శనగగింజంత నల్లటి గడ్డ. అక్కడితో ఆగలేదు, మళ్లీ వేరు, మళ్లీ గడ్డ, అలా పక్క కుండీ కిందికి దూరిపోయింది. గడ్డని గోటితో చీలిస్తే లోపల తెల్లగా ఉంది, కర్పూరం కలిసిన వాసన. ఆయుర్వేదం కొట్లో తుంగముస్తలని అమ్మేవి ఇవే. ఈ గొలుసు ఎక్కడ తెగితే అక్కడ, అప్పటిదాకా నిద్రలో ఉన్న గడ్డలన్నీ విడివిడిగా మొలుస్తాయి. పీకేకొద్దీ పెరుగుతుందని జనం మొత్తుకునేది అందుకే.

మీది తుంగా, గడ్డి జాతా అన్నది తేలకపోతే పూత కాడని వేళ్ల మధ్య దొర్లించి చూడండి. తుంగైతే మూడు అంచులు తగులుతాయి. గడ్డి కాడ అలా ఉండదు.

టెర్రస్_తాత
అయితే 30 గజాల తుంగముస్తలు తవ్వి అమ్మితే లాన్ ఖర్చు వచ్చేస్తుందేమో!

కుండీల_కామాక్షి
వస్తే ఈపాటికి మన రైతులందరూ కోటీశ్వరులు.

కిసాన్_కిరణ్
తుంగకి విడిగా మందు ఉంది. హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ 75 శాతం, సెంప్రా పేరుతో దొరుకుతుంది. మన దగ్గర లేబుల్ మీద ఉన్నది చెరకు, మొక్కజొన్న. ఎకరాకి 36 గ్రాములు. ఇదే మందుని అమెరికాలో లాన్లకే అమ్ముతారు, బెర్ముడా, జోయిసియా రెండూ తట్టుకుంటాయి. కొరియన్ గడ్డి జోయిసియానే. తుంగ మూడు నుంచి అయిదాకుల మీద ఉన్నప్పుడు కొట్టాలి, కొట్టడానికి రెండ్రోజుల ముందూ తర్వాతా గడ్డి కోయకూడదు. వెంటనే ఏమీ కనిపించదు. రెండు మూడు వారాలకి పసుపు తిరిగి ఎండుతుంది. ఈలోపు కంగారుపడి మళ్లీ కొట్టేవాళ్లే ఎక్కువ.

ఇప్పుడు లెక్క చూడండి. ఎకరా అంటే 4,840 గజాలు. మీ 200 గజాలకి మొత్తం ఒకటిన్నర గ్రాము.

డల్లాస్_బావ
ఇక్కడ సెడ్జ్‌హ్యామర్ అని చిన్న ప్యాకెట్లు. ఒక్కోటి ఒక గ్యాలన్ నీటికి, వెయ్యి చదరపు అడుగులకి కొలిచి పెట్టి ఇస్తారు. బుర్రకి పని లేదు.

వీకెండ్_రైతు
ఒకటిన్నర గ్రాము ఎవడు తూస్తాడు? చిటికెడు వేస్తే పోలా?

టెర్రస్_తాత
కంసాలి దగ్గరికి తీసుకెళ్లండి. ఈ బంగారం రేటుకి ఖాళీగానే ఉండుంటాడు.

కిసాన్_కిరణ్
చిటికెడంటే ఎంత పడుతుందో తెలియదు, ఎక్కువైతే కొరియన్ కూడా దెబ్బతింటుంది. ఇంకో మాట. శీను గారి తుంగంతా ఒకే మూలన 30 గజాల్లో ఉంది. దానికి పావు గ్రాము కూడా పట్టదు. మందులమ్మే మా బాబాయి వింటే బాధపడతాడు కానీ, అంత చిన్న మూలకి గునపమే నయం.

మట్టిమనిషి
ఈ మాట ముందే అని ఉంటే ఇన్ని పోస్టులు తగ్గేవి.

రిటైర్డ్_ఏవో
గునపమైతే ఇలా చేయండి. ముందురోజు రాత్రి ఆ మూల బాగా తడపండి. పొద్దున్నే ఒక పక్క నుంచి వరసగా జానెడున్నర లోతు తిరగేస్తూ, మట్టిని ఇసుక జల్లెడలో వేసి గడ్డలు ఏరండి. ఎక్కువ గడ్డలు ఆ లోతులోనే ఉంటాయి. అన్నీ దొరకవు. మిగిలినవి మొలకెత్తుతాయి, మొలవనివ్వండి. కానీ మొలిచినవి నెలలోపే మళ్లీ కొత్త గడ్డలు కట్టడం మొదలుపెడతాయి, కాబట్టి పది పదిహేను రోజులకోసారి చూసి గడ్డతో సహా లేపేయాలి. అక్కడ ఈ వానాకాలం గడ్డి నాటొద్దు, వట్టిగా ఉంచండి. మొలిచింది మొలిచినట్టు కంటికి కనిపించాలి.

వీకెండ్_రైతు
ఆ మూలకి ప్లాస్టిక్ షీట్ కప్పేస్తే ఎండకి ఉడికిపోదూ? నల్ల షీట్ నా దగ్గర మిగిలి ఉంది.

రిటైర్డ్_ఏవో
నల్లది కాదు, రంగు లేకుండా పారదర్శకంగా ఉండేది కావాలి. ఎండ లోపలికి దిగి నేలని వేడెక్కించాలి. నల్ల షీట్ తానే వేడెక్కి ఊరుకుంటుంది, దాన్ని తుంగ మొలక మొనతో పొడుచుకుని పైకొస్తుంది కూడా. నేల తడిపి, షీట్‌ని నేలకి ఆనించి పరిచి, అంచులన్నీ మట్టితో మూసి నాలుగు నుంచి ఆరు వారాలు వదలాలి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఆ ఎండని వాడుకునే పని ఇది. పులిచింత, వయ్యారిభామ గింజలకి బాగా పనిచేస్తుంది. తుంగకి మాత్రం పైపై గడ్డలే పోతాయి, లోతువి కాచుకుని కూర్చుంటాయి. ముందు తవ్వి ఏరి, ఆ తర్వాత షీట్ వేస్తే ఫలితం ఉంటుంది.

పల్లెటూరి_పిల్ల
వయ్యారిభామ గురించి ఎవరూ మాట్లాడట్లేదు. వట్టి చేతుల్తో ముట్టుకోవద్దు. మా ఇంట్లో పనిచేసే ఆయనకి ఏడాదంతా మోచేతులు, మెడ, కనురెప్పలు నల్లబడి పొక్కులు. ఎండలోకి పోతే ఇంకా ఎక్కువ. పొడుగు చేతుల చొక్కా, గ్లవ్స్, ముక్కుకి గుడ్డ ఉండాలి. పూత రాకముందే వేరుతో పీకేయాలి. పూసిన మొక్క వేల గింజలు రాలుస్తుంది. దాన్ని కంపోస్ట్‌లో వేస్తే మళ్లీ మీ మొక్కలకే పెట్టినట్టు. ప్రహరీ అవతల ఖాళీ ప్లాటు ఉంటే అక్కడివీ తీయించండి, లేకపోతే గాలికి గోడ దాటి వస్తాయి.

నల్లరేగడి
1950లలో పుణె వైపు మొదటిసారి కనిపించిందట. ఇప్పుడు అది లేని రైల్వే ట్రాక్ చూపిస్తే నేనే బహుమతిస్తా.

సైనిక్‌పురి_శీను
ప్రహరీ అవతల ఖాళీ ప్లాటే. ఓనరు ఎక్కడో ఉన్నాడు. సరే, అదీ మన నెత్తినే.

నడుమ కొరియన్‌లో ఉన్న పులిచింత, గడ్డిచామంతి మాటేమిటి? చేత్తో తీస్తుంటే పులిచింత కాయలు చిట్లి గింజలు మొహం మీదకి ఎగురుతున్నాయి.

కిసాన్_కిరణ్
వెడల్పాకు కలుపుకి 2,4-డి ఉంది. గడ్డి జాతిని వదిలేసి మిగతావాటిని చంపుతుంది. ఇప్పుడు కొట్టొద్దు. ఈ వేడికి గడ్డి కూడా దెబ్బతింటుంది, మందు ఆవిరై పక్కింటికి పోతుంది. టమాటా, పత్తి, ద్రాక్ష దాని గాలి తగిలితే చాలు, ఆకులు మెలితిరిగిపోతాయి. మా ఊళ్లో జొన్నచేనుకి కొట్టిన మందు పక్క పత్తిచేను మీద పడి, ఆ పంచాయితీ పెద్దమనుషుల దాకా పోయింది. చుట్టుపక్కల మిద్దె తోటలున్న కాలనీలో నేనైతే దాని జోలికే వెళ్లను.

కుండీల_కామాక్షి
మా మిద్దె మీద టమాటాలున్నాయి. కిరణ్ గారికి ధన్యవాదాలు.

పులిచింతని ఎండలో తీయకండి శీను గారూ. పొద్దున్నే మంచు తడి ఉండగా తీస్తే కాయలు అంతగా చిట్లవు. గడ్డిచామంతికి బొరిగెతో తల్లివేరు కింద దాకా పొడిచి లేపాలి. అదొక్కటే శ్రమ, వేరుతో సహా వస్తే ఆ మొక్క మళ్లీ రాదు.

టెర్రస్_తాత
పులిచింత ఆకు పప్పులో బాగుంటుంది. లాన్‌లో గంగవాయిలి ఉందా? మీ ఆంధ్రావాళ్లు పావిలికూర అంటారు. అదీ పప్పే. ఉత్తరేణి, గరిక చవితి పత్రికి ఉంచుకోండి. ఈ లెక్కన మీ ఇంటికి కూరగాయల ఖర్చు లేదు.

పల్లెటూరి_పిల్ల
గంగవాయిలి అనుకుని నానబాలు కోసేవాళ్లున్నారు జాగ్రత్త. కాడ విరిచి చూడండి, పాలు కారితే అది గంగవాయిలి కాదు. మందు కొట్టిన చోటివి, కుక్కలు తిరిగే చోటివి ఏవీ తినొద్దు.

సైనిక్‌పురి_శీను
జూన్ అప్‌డేట్. కుళాయి బాగుపడింది, ఆ ఒక్కదానితోనే వెనక మూల సగం తేరుకుంది. తుంగ తవ్వించి జల్లెడ పట్టిస్తే రెండు బకెట్ల గడ్డలు వచ్చాయి. నేను ఎండలో ఆరబెడుతుంటే మా అమ్మ వచ్చి కొన్ని డబ్బాలో వేసుకుంది, ఎందుకో అడగలేదు. తర్వాత షీట్ వేశాం, మృగశిర వానలకి తీశాం. గేటు వైపు తడిపి గడ్డపారతో పొడిపించి, చివికిన ఎరువు కూరాం. గరిక కాడలు రెండు కణుపుల ముక్కలు చేసి జానెడు దూరంలో నాటాం.

మామగారికి గేటు నుంచి వరండా దాకా కారు చక్రాలకి రెండు వరసల బండలు వేయించాను, మధ్యలో గరిక. ఇప్పుడాయన నాతో మాట్లాడుతున్నారు.

మట్టిమనిషి
ఎరువు చివికిందో లేదో వాసన చూశారా? పేడ వాసన వస్తే ఇంకా పచ్చిదే, గింజలన్నీ బతికే ఉంటాయి. పశువు తిన్న ప్రతి గడ్డీ మీ లాన్‌లో మొలుస్తుంది.

సైనిక్‌పురి_శీను
మట్టి వాసనే వచ్చింది. అయినా తోటకూర కొంచెం మొలిచింది, తాత గారి సలహా ప్రకారం వండేశాం.

రిటైర్డ్_ఏవో
నడుమ కొరియన్‌కి ఇప్పుడు కొంచెం నత్రజని ఇవ్వొచ్చు. చదరపు మీటరుకి 10 గ్రాముల యూరియా, అంతకన్నా వద్దు. 100 గజాలంటే సుమారు 84 చదరపు మీటర్లు, ముప్పావు కిలో పైచిలుకు. ఆకు పొడిగా ఉన్నప్పుడు చల్లి వెంటనే బాగా నీళ్లు పెట్టండి. తడి ఆకు మీద చల్లి వదిలేస్తే ఎక్కడ పడితే అక్కడ మాడుతుంది. గడ్డి దట్టమైతే కొత్త గింజలకి వెలుతురు అందదు, సగం కలుపు అలా తగ్గుతుంది. కోత మాత్రం ఆపొద్దు. ఎత్తులో మూడోవంతుకి మించి ఒకసారి కోయకండి.

సైనిక్‌పురి_శీను
ఆగస్టు. గేటు వైపు గరిక పూర్తిగా మూసేసింది. నడుమ బాగానే ఉంది, వారానికోసారి పొద్దున ఓ అరగంట పులిచింత పని. వెనక మూల తుంగ ఇంకా లేస్తోంది, కానీ లెక్కపెట్టగలిగేన్ని. ఏవో గారన్నట్టు వట్టిగానే ఉంచాను. ఇక మామిడి చెట్టు కింద ఏం వేయమంటారు? మాలి కొరియన్ పలకలు తెస్తానంటున్నాడు.

గోదారి_గట్టు
నేనే పలకలు అమ్మే ఊరివాణ్ణి, నేనే వద్దంటున్నా. ఆ నీడలో కొరియన్ ఒక్క సీజన్ కూడా నిలవదు. గడ్డే కావాలంటే బఫెలో గ్రాస్ అడగండి, వెడల్పు ఆకు, నీడకి తట్టుకుంటుంది. అదీ రోజుకి కొన్ని గంటలు ఎండ పొడ తగిలితేనే.

నల్లరేగడి
అక్కడ గడ్డి ఎందుకండీ, మామిడి ఆకులు రాలనిచ్చి వదిలేయండి. చెట్టుకి ఎరువు, మీకు పని లేదు.

కుండీల_కామాక్షి
వెడీలియా వేయమంటారు కొందరు, పసుపు పూలతో పాకేది. వేయొద్దు. అది చెట్టు కింద ఆగదు, వచ్చే ఏడు ఇలాంటి థ్రెడ్ మళ్లీ పెట్టాల్సి వస్తుంది.

కొత్తపేట_బుజ్జి
మధ్యలో దూరుతున్నా. మా కొరియన్ లాన్‌లో కలుపు లేదు, కానీ నేలంతా మిట్టలు మిట్టలుగా లేచింది, నడిస్తే పాదం మెలిపడుతోంది. మళ్లీ వేయించుకోవాలా?

గోదారి_గట్టు
కోయకుండా వదిలేస్తే కొరియన్ అలాగే మిట్టలు కడుతుంది. వానలుండగానే మిషన్ బ్లేడు పదును పెట్టించి, కొంచెం కొంచెంగా దించుకుంటూ కోయండి. కోశాక కొసలు తెల్లగా చీలికలుగా కనిపిస్తే బ్లేడు మొద్దుబారిందని లెక్క. మరీ పెద్ద మిట్టలైతే కత్తితో కోసి పలకలా లేపి, కింద మట్టి తీసి, మళ్లీ అదే పలక పరిచేయండి.

కొత్తపేట_బుజ్జి
బ్లేడు కొన్నప్పటి నుంచీ మార్చలేదు. రేపే సాన పట్టిస్తా.